ఓడినవాడి చేతికే మళ్లీ బంతి

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: 162 మ్యాచ్‌ల సీజన్ అంతా నిబ్బరంగా ఆడిన బేస్‌బాల్ ఆటగాళ్లలో కొందరు అక్టోబరులో ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం మేటి జట్ల మధ్య జరిగే నాకౌట్ సిరీస్‌లు) మొదలవగానే ఎందుకు తడబడతారు? తడబడనివారు, వారి జట్లు ఆ ఒత్తిడిని ఎలా తట్టుకుంటారు? ఒత్తిడిలో రాణించే గుణం కొందరికి పుట్టుకతోనే వస్తుందా?

నేను మనస్తత్వ నిపుణుణ్ని కాను. గుంటూరులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకుంటూ పెరిగి, పదిహేనేళ్లకు పైగా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటూ, ఇక్కడి బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ గెలుపోటములను సొంత ఇంటి విషయంలా పట్టించుకునే మనిషిని. మా అబ్బాయి పన్నెండేళ్లలోపు పిల్లల జట్టులో పిచ్చర్‌గా (బంతి వేసేవాడిగా) ఆడిన మూడు సీజన్లూ ఆ జట్టుకు స్కోరు పుస్తకం నేనే రాశాను. నా జవాబు ఈ రెండు అనుభవాల నుంచి వచ్చిందే.

పుట్టుకతో వచ్చే గుణం సంగతి ముందు చూద్దాం. న్యూయార్క్ యాంకీస్ జట్టు షార్ట్‌స్టాప్ (మైదానం లోపలి కీలక ఫీల్డర్) డెరెక్ జీటర్‌ను అమెరికన్లు పెద్ద మ్యాచ్‌ల మొనగాడిగా చెప్పుకుంటారు. సాధారణ సీజన్లలో ఆయన బ్యాటింగ్ సగటు .310, అంటే వెయ్యిసార్లు బ్యాటు పడితే 310 సార్లు బంతిని కొట్టి బేస్ (పరుగు పూర్తికి తాకుతూ వెళ్లవలసిన మజిలీ) చేరినట్టు. ప్లేఆఫ్స్‌లో ఆడిన 158 మ్యాచ్‌లలో, అంటే దాదాపు మరో పూర్తి సీజన్‌లో, ఆయన సగటు .308. అక్టోబరు వచ్చిందని ఆయన ఇంకో మనిషి కాలేదు. ఎదుట ఎప్పుడూ మంచి జట్ల మేటి పిచ్చర్లే ఉండే ఆ నెలలో, మామూలు రోజున ఆడే ఆటనే ఆడగలగడం ఆయన చేసిన గొప్ప పని. ఒత్తిడిలో పెరిగేవారు ఉండరనే నేను అనుకుంటాను. తగ్గనివారిని చూసి పెరిగారని భ్రమపడతాం. ఈ వాదనకు అదే యాంకీస్ క్లోజర్ (చివర్లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే పిచ్చర్) మరియానో రివేరా అడ్డు వస్తాడని ఒప్పుకుంటాను. ప్లేఆఫ్స్‌లో 141 ఇన్నింగ్స్ వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు 0.70 పరుగుల సగటుతో నిలిచిన మనిషికి నా దగ్గర వివరణ లేదు. అయితే అంతటి రివేరా కూడా 2001 వరల్డ్ సిరీస్ (టైటిల్ తేల్చే ఆఖరి సిరీస్) ఏడో మ్యాచ్‌ను చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అరిజోనాకు వదులుకున్నాడు.

క్రికెట్ ఎరిగినవారికి ఒక తేడా చెబితే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది. క్రికెట్‌లో అవుటైన బ్యాటర్ పెవిలియన్‌కు వెళ్లిపోతాడు. బాధ ఉన్నా ఆ పూటకు అతని పని అయిపోయినట్టే. బేస్‌బాల్‌లో అదే మనిషి ఆ రాత్రే నాలుగైదుసార్లు బ్యాటు పట్టుకుని రావాలి, పైగా పదిసార్లలో ఏడుసార్లు విఫలమయ్యేవాడే ఆ ఆటలో గొప్ప బ్యాటర్. ఇందాకటి దెబ్బను మోసుకుంటూ వచ్చి నిలబడటమే ఆ ఉద్యోగం. సీజన్‌లో ఒక తప్పును దిద్దుకోవడానికి మరో వంద మ్యాచ్‌లు ఉంటాయి. ప్లేఆఫ్స్‌లో మొదటి మెట్టు మూడు మ్యాచ్‌ల సిరీస్, ఆ తర్వాతిది ఐదు, చివరి రెండూ ఏడేసి. ఆట మారదు, తప్పు ధర మారుతుంది.

ఆ దెబ్బను దించుకోవడానికి దొరికే సమయం కూడా ఇప్పుడు తక్కువ. 2023లో పిచ్ టైమర్, అంటే ఒక్కో పిచ్ (బంతి) వేయడానికి గడువు, వచ్చింది. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పిచ్చర్‌కు 15 సెకన్లు, ఉంటే 20. ఆ 20ని మరుసటి ఏడాది 18కి తగ్గించారు. పూర్వం పిచ్చర్ తాను నిలబడి బంతి వేసే మట్టి దిబ్బ వెనక్కి నడిచి, చేతికి పట్టునిచ్చే రోజిన్ పొడి సంచి తడిమి, ఆకాశం చూసి, మనసు కుదుటపడ్డాక వచ్చేవాడు. ఇప్పుడు ఆ తతంగమంతా పావు నిమిషంలో ముగియాలి. కాబట్టి ఆటగాళ్లు దాన్ని సీజన్‌కు ముందు శిక్షణ మొదలయ్యే ఫిబ్రవరి నుంచే అలవాటుగా చేసుకుంటారు: ఒక దీర్ఘ శ్వాస, చూపు నిలపడానికి ఒక చోటు, తర్వాతి పిచ్. ఎంతోమంది ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చిన మానసిక నిపుణుడు కెన్ రవిజ్జా నేర్పింది ప్రధానంగా ఇదే. ట్యాంపా బే జట్టులో ఉన్నప్పుడు ఎవాన్ లంగోరియా అనే ఆటగాడు చేయి తప్పుతోందనిపించగానే మైదానం అంచున ఎడమవైపు ఉండే ఫౌల్ స్తంభం వైపు చూసి ఊపిరి తీసుకునేవాడు. రవిజ్జా డగౌట్‌లో ఒక బొమ్మ టాయిలెట్ పెట్టించి, పాడైపోయిన ఆటను అందులో వేసి నీళ్లు వదిలేయమనేవాడు కూడా. మోటు హాస్యమే, కానీ చేతితో చేసే పని మాటకన్నా త్వరగా మనసుకు ఎక్కుతుంది.

ఇది నాకు పుస్తకంగా కాక పరాభవంగా తెలిసింది. ఒక టోర్నమెంటు సెమీఫైనల్ చివరి ఇన్నింగ్స్‌లో మా జట్టు ఒక్క పరుగు ముందుంది, మా అబ్బాయి బంతి వేస్తున్నాడు. క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) వెనక జాలీ దగ్గర స్కోరు రాస్తున్న నేను, మొదటి రెండు బంతులు బయటకు పోగానే, “స్ట్రైక్ వెయ్ నాన్నా, స్ట్రైక్ వేస్తే చాలు” అని అరవడం మొదలుపెట్టాను. (బ్యాటర్‌కు అందే మేరలో పడిన బంతి, లేదా అతను కొట్టబోయి తప్పిన బంతి స్ట్రైక్; మూడైతే అవుట్.) వాడు వరసగా ముగ్గురికి వాక్ ఇచ్చాడు (నాలుగేసి బంతులు బయటకు వేసి మొదటి బేస్ ఊరికే ఇచ్చాడు), ఆ తర్వాతి బంతి క్యాచర్‌కు అందకుండా పోయింది, మేం ఓడిపోయాం. కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక, “నువ్వు అరిచేదాకా నాకు గ్లవ్ ఒక్కటే కనిపించింది నాన్నా” అన్నాడు. ఒత్తిడి అంటే గుండె దడ అనుకునేవాణ్ని. దడ ఎలాగూ ఆగదు. చూడవలసిన వస్తువు ఒకటి ఉన్నంతసేపు దడతోనే ఆడవచ్చు. ఆ వస్తువు జారిపోయి దాని చోట ఫలితం కనిపించడం మొదలైతేనే ప్రమాదం.

రేంజర్స్ అభిమానులకు ఆ ప్రమాదానికి ఒక తేదీ ఉంది, 2011 అక్టోబరు 27. సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, సిరీస్‌లో మా జట్టు 3-2తో ముందుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5తో ముందున్నాం, ఇద్దరు అవుట్, రెండు స్ట్రైక్‌లు; ఇంకొక్క స్ట్రైక్ పడితే మూడో అవుట్, కప్పు మాదే. మా అపార్ట్‌మెంటులో అందరం లేచి నిలబడ్డాం. ఆ ఊరి జట్టు బ్యాటర్ డేవిడ్ ఫ్రీస్ కొట్టిన బంతి కుడివైపు ఫీల్డర్ నెల్సన్ క్రూజ్ తలమీదుగా పోయి స్కోరు సమమైంది. అదనంగా ఆడిన పదో ఇన్నింగ్స్‌లో మా జాష్ హ్యామిల్టన్ హోమ్ రన్ (కంచె దాటే సిక్సర్‌లాంటి దెబ్బ)తో మళ్లీ రెండు పరుగుల ఆధిక్యం. మళ్లీ ఇద్దరు అవుట్, రెండు స్ట్రైక్‌లు. ఈసారి లాన్స్ బర్క్‌మన్ సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో ఫ్రీస్ హోమ్ రన్ కొట్టి 10-9తో ముగించాడు. మర్నాడు ఏడో మ్యాచ్ కూడా పోయింది. క్రూజ్ నాలుగడుగులు వెనక నిలబడి ఉండవలసిందని ఈ ఊళ్లో ఇప్పటికీ వాదించుకుంటారు. రెండు వేర్వేరు ఇన్నింగ్స్‌లలో, వేర్వేరు పిచ్చర్ల చేతిలో ఒకే విధంగా జారిపోయిన మ్యాచ్‌కు ఒక్క మనిషిని దోషిగా నిలబెట్టడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. 1986 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో బోస్టన్ తరఫున బిల్ బక్నర్ కాళ్ల మధ్యనుంచి బంతి పోయినప్పుడూ అంతే: ఆ క్షణానికే స్కోరు సమమైపోయి ఉంది, ఏడో మ్యాచ్ ఇంకా మిగిలే ఉంది, అయినా నింద అంతా ఆయన మీదే పడి ఏళ్ల తరబడి వెంటాడింది.

ఇక జట్టు చేయగలిగింది ఏమిటనేదానికి నేను కళ్లారా చూసిన ఉదాహరణ 2023లో దొరికింది. అప్పటికి రేంజర్స్ మేనేజర్ (ప్రధాన కోచ్ లాంటివాడు) బ్రూస్ బోచీ. శాన్ ఫ్రాన్సిస్కోతో మూడుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచి (అందులో 2010 నాటిది మా మీదే), 2019 తర్వాత విశ్రాంతికి వెళ్లి, తిరిగి వచ్చినవాడు. వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టులో హ్యూస్టన్‌తో సిరీస్ చెరి రెండు మ్యాచ్‌లతో సమంగా ఉండగా ఐదో మ్యాచ్‌కు రేంజర్స్ సొంత మైదానమున్న ఆర్లింగ్టన్‌లో పై అంతస్తులో కూర్చున్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా అడోలిస్ గార్సియాకు బంతి తగలడంతో రెండు జట్లూ మైదానంలోకి వచ్చేశాయి, ఆట చాలాసేపు ఆగిపోయింది. అప్పటికే బంతి వేయడం మొదలుపెట్టిన మా క్లోజర్ హోసే లెక్లర్క్ ఆ గొడవ అంతసేపూ ఎదురుచూసి, తొమ్మిదో ఇన్నింగ్స్‌కు తిరిగి వచ్చాడు. హ్యూస్టన్ బ్యాటర్ హోసే ఆల్టూవే మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. మా 4-2 ఆధిక్యం పోయి హ్యూస్టన్ 5-4తో ముందుకెళ్లింది. నలభై వేల మంది కూర్చున్న చోట మనిషి తన ఊపిరి తాను వినగలిగేంత నిశ్శబ్దం పడింది.

మిగిలిన రెండు మ్యాచ్‌లూ హ్యూస్టన్‌లో గెలవాలి. ఆదివారం ఆరో మ్యాచ్ కీలక ఘట్టంలో బోచీ మళ్లీ లెక్లర్క్‌నే పిలిచాడు. నేను టీవీ ముందు తల పట్టుకున్నాను; ఆ బంతి వేరెవరి చేతిలో పెట్టినా తప్పుపట్టేవారు లేరు. లెక్లర్క్ గండం గట్టెక్కించాడు. ఆ రాత్రే గార్సియా హ్యూస్టన్ ప్రేక్షకుల ఎగతాళి మధ్య నాలుగుసార్లు స్ట్రైక్ అవుటై, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. ఏడో మ్యాచ్‌లో మరో రెండు హోమ్ రన్‌లు. ఆ సిరీస్‌లో అతను రాబట్టిన 15 పరుగులు ప్లేఆఫ్ సిరీస్ రికార్డు. నాలుగుసార్లు విఫలమైనవాడిని ఐదోసారి కూడా నీ వంతే అని జట్టు నమ్మడం, నిన్న ఓడిపోయినవాడి చేతిలోనే ఇవాళ బంతి పెట్టడం, ఇవే ఒత్తిడికి జట్టు ఇవ్వగల మందులు. తప్పు చేస్తే తీసేస్తారనే భయం ఉన్నవాడికి గ్లవ్ ఎలా కనిపిస్తుంది?

ఆ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లూ అతిథి జట్టే గెలిచింది. ఆ ఏడాది ప్లేఆఫ్స్ మొత్తంలో రేంజర్స్ బయటి మైదానాల్లో 11 ఆడి 11 గెలిచారు. దీనికి కారణం ఇదేనని తేల్చి చెప్పలేను గానీ, సొంత ప్రేక్షకుల అరుపును నేనైతే జాలీ వెనక తండ్రి అరుపులాగానే అనుకుంటాను. వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ మాత్రం ఇంట్లోనే, అదీ సరిగ్గా అక్టోబరు 27నే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 5-3తో వెనకబడినప్పుడు కోరీ సీగర్ వచ్చిన మొదటి పిచ్‌నే హోమ్ రన్‌గా మలిచాడు, పదకొండో ఇన్నింగ్స్‌లో గార్సియా గెలిపించాడు. తర్వాత గార్సియా గాయపడితే, అతని చోట వచ్చిన ట్రావిస్ జాంకోస్కీ నాలుగో మ్యాచ్‌లో రెండు పరుగులు తెచ్చిన డబుల్ (బ్యాటర్ రెండో బేస్ చేరే దెబ్బ) కొట్టాడు. ఐదో మ్యాచ్‌తో కప్పు వచ్చింది.

విరామం దొరికితే దాన్ని వాడుకోవడం కూడా ఒక నేర్పు. 2016 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో ఆధిక్యం పోగొట్టుకుని కుంగిపోయిన షికాగో కబ్స్‌కు వాన 17 నిమిషాలు ఇచ్చింది. ఆ సిరీస్ అంతా పరుగులు తీయలేక అవస్థపడిన జేసన్ హేవార్డ్ అందరినీ బరువుల గదిలో కూడగట్టి మాట్లాడాడు. పదో ఇన్నింగ్స్‌లో 8-7తో గెలిచి 108 ఏళ్ల నిరీక్షణ ముగించారు. దీనికి తలకిందుల ఉదాహరణ 2020. కరోనా కారణంగా ఆర్లింగ్టన్‌లోనే జరిగిన వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో ట్యాంపా బే పిచ్చర్ బ్లేక్ స్నెల్ రెండే హిట్‌లు ఇచ్చి 73 పిచ్‌లకు తొమ్మిది మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. అయినా ముందుగా వేసుకున్న లెక్క ప్రకారం అతన్ని దింపేశారు, మ్యాచ్‌తోపాటు కప్పూ పోయింది. లెక్క తప్పని నేను అనను. భయం వేసినప్పుడు కాగితాన్ని గట్టిగా పట్టుకోవడం కూడా ఒక రకం తడబాటే అని మాత్రం అంటాను. ఆ కప్పు అందుకున్న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులో డాలస్ కుర్రాడు క్లేటన్ కర్షా ఉన్నాడు. అక్టోబరులో చేతులెత్తేస్తాడని ఎన్నో ఏళ్లు మాటలు పడ్డ ఆ మహా పిచ్చర్‌ను, తక్కువ విశ్రాంతితో దింపి, అలసిన తర్వాత కూడా కొనసాగించిన మేనేజర్లను ఎవరూ అంతగా ప్రశ్నించలేదు.

మా అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సెమీఫైనల్ తర్వాతి టోర్నమెంటులో మొదటి మ్యాచ్‌కే కోచ్ వాడికి బంతి ఇచ్చాడు. నన్ను మాత్రం మర్యాదగా పక్కకు పిలిచి, స్కోరు పుస్తకం మరొక తండ్రికి ఇచ్చి దూరపు కంచె అవతల కూర్చోమన్నాడు. వాడు మొదటి బ్యాటర్‌కే వాక్ ఇచ్చాడు. అంత దూరం నుంచి వాడి ముఖం కనిపించలేదు. దిబ్బ దిగి, చేత్తో మట్టి తడిమి, తల ఎత్తి మళ్లీ ఎక్కడం కనిపించింది. ఆ మ్యాచ్ స్కోరు నా పుస్తకంలో లేదు.