సివిల్ వదిలేసి విపత్తుల కోర్సా?

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లె. అమ్మాయి విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. 1977 ఉప్పెన గురించి నాయనమ్మ చెబుతుంటే వింటూ పెరిగింది. ఇప్పుడు విపత్తుల నిర్వహణలో ఎం.ఏ. చేసి విదేశాల్లో పనిచేస్తానంటోంది. ఇది కూడు పెట్టే చదువేనా?

జవాబు: పెడుతుందండీ. కాకపోతే అమ్మాయి అనుకుంటున్న వరసలో కాదు. చేతిలో ఉన్న సివిల్‌ని పక్కన పెట్టడం ఒక్కటే నాకు నచ్చలేదు.

నేపాల్ సంగతే చూడండి. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. కొండ పల్లెల్లో మట్టితో పేర్చిన రాతి గోడలు, రాయికీ రాయికీ పట్టు లేక కూలిపోయాయి. తర్వాత గోర్ఖా, నువాకోట్ జిల్లాల్లో 50 వేల ఇళ్లకు మన ప్రభుత్వం సాయం చేసింది. బడుల నిర్మాణానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) సాంకేతికంగా తోడు నిలిచింది. లాతూర్ (1993), భుజ్ (2001) భూకంపాలు మనకు నేర్పిన పాఠాలు అక్కడ పనికొచ్చాయి.

అక్కడ ఇంటికి మూడు లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చారు, మూడు వాయిదాల్లో. మన ఇందిరమ్మ ఇళ్ల బిల్లుల్లాగే, కట్టింది ఇంజనీరు చూసి సరేనంటేనే తర్వాతి వాయిదా. పునాది మీద, తలుపుల పైన గోడలన్నిటినీ కలిపి కట్టే పట్టీ చుట్టూ ఎక్కడా తెగకుండా తిరిగిందా? గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లు మధ్యమధ్య పడ్డాయా? పడకపోతే, ముప్పయ్యేళ్లుగా తన పద్ధతిలో కడుతున్న మేస్త్రీని ఒప్పించాలి. ఆ పని ఎం.ఏ. పట్టాతో అవ్వదు. గోడ తెలిసుండాలి.

కాబట్టి బీటెక్ పూర్తిచేసి, ఎంటెక్ ప్రవేశానికి గేట్ రాయమనండి. భూకంప ఇంజనీరింగ్‌కి ఐఐటీ రూర్కీలో ప్రత్యేక విభాగమే ఉంది, ఐఐఐటీ హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం ఉంది. తర్వాత రెండు మూడేళ్లు సైట్‌లో పనిచేయాలి. అప్పటికీ మనసు అటే లాగితే ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లో ఎం.ఏ. ఉండనే ఉంది.

ఇంకో మాట. పరాయి దేశం కోసం పనిచేయాలంటే విమానమే ఎక్కనక్కర్లేదు. హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. తుపానుల్ని తట్టుకునే వంతెనలు, కరెంటు లైన్ల గురించి దేశాలన్నీ కలిసి 2019లో పెట్టుకున్న కూటమి సీడీఆర్ఐ కార్యాలయం ఢిల్లీలో ఉంది.

అయితే ఒకటి దాచను. ఈ రంగంలో చాలావరకు ప్రాజెక్టు కాంట్రాక్టులే. పని అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. పెళ్లి సంబంధాల వాళ్లు ‘పర్మనెంటేనా?’ అని అడిగితే తడబడకుండా చెప్పగలరేమో ఇప్పుడే ఆలోచించుకోండి.

గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్ఐడీఎం) దక్షిణ ప్రాంగణం ఉంది. శిక్షణలేమైనా ఉన్నాయేమో వెళ్లి అడగమనండి. అంతకంటే ముందు ఈ సెలవుల్లో మీ దగ్గర్లోని తుపాను షెల్టర్‌కి టేపు తీసుకుని వెళ్లమనండి. తాళం ఎవరి దగ్గరుంది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, గొడ్లనెక్కడ కట్టేస్తారు, అన్నీ రాసుకోవాలి. నాయనమ్మ గారిని కూడా తీసుకెళ్తే, ఆ మెట్లు ఆవిడ ఎక్కగలరో లేదో తేలిపోతుంది.