టెక్ సందేహాలు: ‘ఇంతకీ మీది ఏ రకం వెబ్‌సైట్?’

ప్రశ్న: మా కాలనీలో నలుగురం కలిసి ఒక వెబ్‌సైట్ తయారుచేశాం. నిచ్చెన, డ్రిల్లింగ్ మిషన్, వంటకు పెద్ద గిన్నెలు ఎవరి దగ్గర ఉన్నాయో అందులో చూసి అరువు తెచ్చుకోవచ్చు. డబ్బు ప్రసక్తి లేదు. ఎవరికి చెప్పినా ‘ఓఎల్ఎక్స్ లాంటిదా? వాట్సాప్ గ్రూపు ఉంది కదా?’ అంటున్నారు. ‘సామాజిక వనరుల భాగస్వామ్య వేదిక’ అని పోస్టర్ వేశాం, గూగుల్‌లో ప్రకటన ఇచ్చాం. ఎవరూ రాలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అందుకే ఆ పోస్టర్‌ను ఈ రోజే తీసివేయమంటున్నాను. అందులో నిచ్చెన ఎక్కడా కనబడదు. రైలు కొత్తగా వచ్చినప్పుడు మనవాళ్లు దాన్ని పొగబండి అన్నారు. బండి తెలిసిందే, పొగ కళ్లకు కనబడింది. మీ వెబ్‌సైట్‌కు పేరు జనమే పెట్టుకుంటారు, ముందు వాళ్లకు పొగ కనబడాలి.

గూగుల్ సెర్చ్ ప్రకటన ఎవరైనా సంబంధిత మాట వెతికినప్పుడే కనబడుతుంది. ఉందని తెలియనిదాన్ని ఎవరు వెతుకుతారు? ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ సేవకూ ఈ ఇబ్బందే వచ్చింది. ఏ కంప్యూటర్ తెరిచినా మన ఫైళ్లు ఉండాలన్న అవసరం చాలామందికి ఉంది, దానికి పేరే లేదు. ఏడాదికి 99 డాలర్ల సేవకు ఒక్కో చందాదారును తేవడానికి ప్రకటనల ఖర్చు 200 డాలర్లు దాటింది. అంతకుముందు 2008లో సహవ్యవస్థాపకుడు డ్రూ హ్యూస్టన్ ఆ సేవ ఎలా పనిచేస్తుందో చూపిస్తూ చిన్న వీడియో పెట్టారు. అంతే, ఎదురుచూసేవారి జాబితా రాత్రికి రాత్రే 5 వేల నుంచి 75 వేలకు చేరింది.

మీరూ ఫోనుతో ఒక్క నిమిషం వీడియో తీయండి. గోడ గడియారం చేత్తో పట్టుకుని ఒకామె ‘డ్రిల్లింగ్ మిషన్’ అని టైప్ చేస్తుంది. ‘రెండో వీధి, ఆదివారం వరకు ఖాళీ’ అని వస్తుంది. తెచ్చుకుంటుంది, గోడకు రంధ్రం వేస్తుంది, సాయంత్రం తిరిగి ఇస్తుంది. యజమాని తన ఫోనులో ‘అందింది’ అని నొక్కుతారు. ఆ చివరి నొక్కును తప్పకుండా చూపించండి. వస్తువు తిరిగి వస్తుందా, పాడైతే ఎవరు భరిస్తారు అన్న భయం ఇచ్చేవారిదే. దానికి జవాబు మొదటి పేజీలోనే రాయండి. ఇంటి నంబరు మాత్రం సభ్యులకే కనబడాలి.

ఓఎల్ఎక్స్‌తో పోల్చకండి, బేరమాడేవాళ్లు వస్తారు. ‘వస్తువుల గ్రంథాలయం’ అంటే సభ్యత్వం, గడువు, తిరిగి ఇవ్వడం అన్నీ ఒక్క మాటలో అర్థమవుతాయి. టొరంటోలో 2013లో ఇలాగే పనిముట్ల లైబ్రరీ తెరిచారు. అయితే గ్రంథాలయంలో పుస్తకాలు సంస్థవి, మీ దగ్గర నిచ్చెన పక్కింటివారిది. ఆ తేడా వెంటనే చెప్పండి. వాట్సాప్ సంగతి అడిగితే, ‘నిచ్చెన ఎవరి దగ్గర ఉంది?’ అన్న సందేశం పూటలోపే శుభోదయాల కింద పడిపోతుందని, ఇక్కడ వెతికితే ఎప్పుడైనా దొరుకుతుందని చెప్పండి.

ప్రకటనల డబ్బు ఆపి, నలుగురూ ఇంటింటికీ తిరిగి మొదటి 50 వస్తువుల ఫొటోలు మీరే ఎక్కించండి. ఖాళీ జాబితా చూసి వెళ్లినవారిని మళ్లీ రప్పించడం చాలా కష్టం. కొత్త పోస్టర్ మీద ఒక నిచ్చెన బొమ్మ, ‘కావాలా? మన కాలనీలోనే ఉంది’ అన్న మాట, కింద క్యూఆర్ కోడ్ చాలు.