ఒక్క ఇంజిన్ ఆగితే విమానం కూలుతుందా?

ప్రశ్న: రెండు ఇంజిన్లున్న ప్రయాణికుల విమానంలో టేకాఫ్ తర్వాత ఒకటి ఆగిపోతే కూలిపోక తప్పదా?

జవాబు: అలాగేమీ లేదు. రెండో ఇంజిన్‌తోనే పైకెగిరి, తిరిగొచ్చి దిగగలిగేలా వాటిని రూపొందిస్తారు. కానీ పైలట్ పొరపడితే ముప్పే. 2015 ఫిబ్రవరి 4న తైవాన్ రాజధాని తైపేలోని సాంగ్‌షాన్ విమానాశ్రయం నుంచి 58 మందితో బయలుదేరిన ట్రాన్స్‌ఏషియా సంస్థ రెండు ఇంజిన్ల ఏటీఆర్-72 విమానంలో, నియంత్రణ పరికరంలోని లోపం వల్ల కుడి ప్రొపెల్లర్ తోపునివ్వడం మానేసింది. ఆ కంగారులో కెప్టెన్ చక్కగా పనిచేస్తున్న ఎడమ ఇంజిన్‌ను ఆపేశారు. పొరపాటు గ్రహించి మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఎత్తు మిగల్లేదు. విమానం రెక్క వంతెనపై వెళుతున్న టాక్సీని తాకింది, విమానం కీలుంగ్ నదిలో పడింది; 43 మంది మరణించారు. అంతకుముందే సిమ్యులేటర్ (నేలమీదే విమానం నడిపే అనుభవమిచ్చే యంత్రం) పరీక్షలో ఇంజిన్ వైఫల్యం దగ్గర ఆయన తడబడ్డారని దర్యాప్తు నివేదికలో చదివినప్పుడు మనసు కలుక్కుమంటుంది.