స, శ గుచ్చుకుంటుంటే ముందు మైకు జరపండి

తమ అక్క చెప్పిన కథల రికార్డింగులో స, శ శబ్దాలు చెవిలో సూదుల్లా గుచ్చుకుంటున్నాయి, ఏ డీ-ఎస్సర్ (రికార్డింగులో స, శ జోరు తగ్గించే సాధనం) వాడాలి అని ఒకరు అడిగారు. అది తర్వాత సంగతి. మైకు ఎక్కడ పెట్టారో ముందు చూడండి.

మా పిన్ని చంద్రగిరిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. మా వైపు స్థలపురాణాలు ఆమె గొంతులో దాచుకోవాలని తిరుపతిలో ఒక చిన్న స్టూడియోకు తీసుకెళ్లాను. మా దగ్గర పేర్లన్నీ ఇలాంటివే కదా: శేషాచలం, శ్రీనివాస మంగాపురం, స్వర్ణముఖి, శ్రీకాళహస్తి. సన్నని శబ్దాన్ని కూడా పట్టేసే కండెన్సర్ మైకు సరిగ్గా నోటికి ఎదురుగా, జానెడు దూరం కూడా లేకుండా పెట్టారు. హెడ్‌ఫోన్స్‌లో వింటే 'శేషాచలం' వచ్చినప్పుడల్లా కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టుంది. స్టూడియో అబ్బాయి "మేడమ్, స కాస్త మెత్తగా పలకండి" అన్నాడు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు శ, ష, స తేడా నేర్పిన మనిషి ఆమె. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో "నా పలుకు చెడిపోయిందా నాయనా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

తప్పు నాలుకది కాదు. స పలికితే గాలి పళ్ల సందులోంచి ముందుకు దూసుకొస్తుంది. మైకు ఆ దారిలో ఉండకూడదు. ఇంట్లో పరుపులున్న గదిలో, స్నేహితుడి డైనమిక్ మైకును (ఇది అంత సున్నితం కాదు) పక్కకు వాల్చి, జానెడున్నర దూరంలో పెట్టాను. చాలావరకు అక్కడే తగ్గిపోయింది. దీనికి పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే తెర) కొనమని చెప్పేవాళ్లను నమ్మకండి. అది ప, భ పలికినప్పుడు కొట్టే గాలిని ఆపుతుంది, స ను కాదు.

మిగిలినదానికే డీ-ఎస్సర్. స జోరు ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) మధ్య ఉంటుంది. శ, ష ఇంకా కింద, 3, 4 దగ్గరే మొదలవుతాయి. స కోసం పెట్టిన సెట్టింగుకు శ దొరకదు, అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. 3, 4 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. ఎక్కువ నొక్కితే సీత కాస్తా 'తీత' అవుతుంది. పెద్ద శబ్దాలను అణిచి అంతా ఒకే స్థాయికి తెచ్చే కంప్రెసర్ గట్టిగా పెట్టినా అచ్చులు అణిగి స పైకి లేస్తుంది, అదీ చూసుకోండి.

కొత్త రికార్డింగు పిన్నికి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "శేషాచలంలో శ వేరుగా, ష వేరుగా వినిపిస్తున్నాయి" అంది. తర్వాత స్వర్ణముఖి కథ మొదటి నుంచి మళ్లీ చెప్తానని తనే మైకు ముందు కూర్చుంది.