ఇవ్వడం బాధ్యతే, కానీ ఇచ్చాక పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

"వేల కోట్లు గడించిన వ్యాపారవేత్తలకు సమాజానికి తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత నిజంగా ఉందా? పన్నులు కడుతున్నారు, వేలమందికి ఉద్యోగాలిస్తున్నారు, అది చాలదా?" అని ఒకరు నన్ను అడిగారు.

ఉందనే నమ్ముతాను. ఒక పారిశ్రామిక కుటుంబం పెట్టిన ధర్మసంస్థలో తొమ్మిదేళ్లు పనిచేశాను. సాయం కోరుతూ వచ్చే దరఖాస్తులు చదవడం, వెళ్లి చూసి రావడం, ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో నివేదిక రాయడం నా పని. అలా ఇచ్చేవాళ్ల గదిలోనూ కూర్చున్నాను, తీసుకునేవాళ్ల వరండాలోనూ కూర్చున్నాను.

పన్నులు, ఉద్యోగాలు చిన్న విషయాలేమీ కాదు. అసలు బాధ్యత మొదలయ్యేదే అక్కడ. కానీ ఎంత గొప్ప వ్యాపారమైనా ఒక్కడి తెలివితేటలతోనే పెరగదు. సరుకు వెళ్లే రోడ్డు ఆయన వేసింది కాదు. లెక్కలు రాసే గుమాస్తాకు అక్షరాలు దిద్దించింది ఆయన కాదు. బాకీ ఎగ్గొట్టినవాణ్ణి నిలదీయడానికి ఆయన వెళ్లే కోర్టు అందరి డబ్బుతో నడుస్తోంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: చాలా దేశాల్లో విరాళాలకు పన్ను రాయితీ ఉంది. అంటే దాత ఇచ్చే ప్రతి వందలో కొంత ఖజానాకు చేరాల్సిన డబ్బే. ఆ మేరకు ఆ దానంలో మనందరి వాటా కలిసినట్టే. అందుకని "ఆయన డబ్బు, ఆయనిష్టం" అనే మాట విరాళాల దగ్గర పూర్తిగా నిలబడదు.

బాధ్యత పన్నులు, ఉద్యోగాల దగ్గరే మొదలవుతుందని ఎందుకన్నానంటే, అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ సంగతే చూడండి. కూడబెట్టిన సంపదతోనే పోవడం మనిషికి అవమానమని 1889లోనే రాశాడు. ప్రపంచంలో 2,500కు పైగా గ్రంథాలయాలు ఆయన డబ్బుతో లేచాయి. 1919లో పోయేనాటికి దాదాపు 35 కోట్ల డాలర్లు ఇచ్చేశాడు. అదే కార్నెగీ కంపెనీ 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లులో జీతాలు కోసింది. కార్మికులు ఎదురుతిరిగితే ప్రైవేటు సాయుధుల్ని దింపింది. ఇరువైపులా ప్రాణాలు పోయాయి, యూనియన్ నడుం విరిగింది. ఆరేళ్లకు, 1898లో, ఆ మిల్లు కార్మికులు బతికే చోటే ఆయన గ్రంథాలయం తెరుచుకుంది. రోజుకు పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడ్డ మనిషి ఏ వేళకు వెళ్లి చదువుకోవాలి? ఆవును చంపి చెప్పులు దానం చేయడమంటారే, అది ఇదే. ఆ గ్రంథాలయాల్లో ఎందరో చదువుకుని పైకొచ్చారు, అదీ నిజమే. అయినా ఆ మేలు ఈ గాయాన్ని మాన్పదు. ఎవరైనా పెద్ద విరాళం ప్రకటించారని వింటే, ఆయన కంపెనీలో అట్టడుగున ఉన్నవాళ్ల జీతమెంత, చిన్న సరఫరాదారుల బిల్లులు ఎన్నాళ్లకు చెల్లిస్తున్నారు అని ముందు ఆరా తీస్తాను.

చట్టంతో ఈ బాధ్యత తీరిపోతుందా అంటే, కొంతవరకే. భారతదేశం 2013 కంపెనీల చట్టంతో, ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలని నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ అది వాటాదారులందరి డబ్బు, యజమాని సొంత జేబులోది కాదు. ఈ రెంటినీ కలిపి చూడకండి.

ఇక నేను కళ్లారా చూసింది చెప్తాను. వినికిడి లేని పిల్లల బడి ఒకటి మా సంస్థకు దరఖాస్తు పెట్టుకుంది. నలభై పేజీల ఫారం అది. హెడ్మాస్టరమ్మ పగలు పాఠాలు చెప్పి, రాత్రుళ్లు కూర్చుని చేత్తో నింపి పంపారు. ఆవిడ అడిగింది ఒక్కటే, సైగల భాష బాగా వచ్చిన ఇద్దరు టీచర్లకు మూడేళ్ల జీతం. మా కమిటీలో పది నిమిషాలు కూడా చర్చ జరగలేదు. "జీతాలకిస్తే రేపు చూపించడానికి ఏం మిగులుతుంది?" అన్నారొకరు. మిగతావాళ్లు తలూపారు. జీతాలకు బదులు పది కంప్యూటర్లు మంజూరయ్యాయి. ఆ ఉత్తరం రాసింది నేనే.

ఏడాది తర్వాత తనిఖీకి వెళ్లాను. ఆఫీసు గదిలో బీరువా పక్కన, గోడవారగా, పెట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టేపు కూడా ఊడదీయలేదు. దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి, దానిమీద పిల్లల బొమ్మల కాగితాలు దొంతరగా పేర్చుకున్నారు. నేర్పేవాళ్లు లేరు. ఆ ఇద్దరు టీచర్లలో ఒకావిడ జీతం అందక మానేసి వెళ్లిపోయింది. గుమ్మం పక్కన మా దాతగారి పేరుతో పాలరాతి పలక మాత్రం ఉంది, రోజూ తుడుస్తున్నట్టున్నారు. "ఫొటో తీసుకుంటారా?" అని ఆవిడ మర్యాదగా అడిగారు. తీసుకున్నాను. నివేదికలో "పరికరాలు అందజేశాము" అని రాశాను. రాసిన మాటలో అబద్ధం లేదు. అయినా ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పట్నుంచి "ఎంత ఇచ్చారు" అన్న ప్రశ్న నాకు చిన్నదైపోయింది. ఇచ్చాక పగ్గాలు వదిలారా లేదా అన్నదే చూస్తున్నాను. మా దగ్గర డబ్బు చేయి మారింది. నిర్ణయం మాత్రం మా గది దాటలేదు.

పగ్గాలు వదిలినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో పోస్టు ద్వారా సరుకులమ్మిన సియర్స్ కంపెనీని నడిపిన జూలియస్ రోజెన్‌వాల్డ్, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌తో కలిసి మొదలుపెట్టిన పనితో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు దాదాపు 5,000 బడులు వెలిశాయి. మొత్తం ఖర్చు ఆయనే భరించలేదు. స్థానిక ప్రభుత్వం తన వాటా పెట్టాలన్నాడు. అక్కడి నల్లజాతి కుటుంబాలు చందాలు వేసుకున్నాయి, స్థలాలిచ్చాయి, ఒళ్లు వంచి పనిచేశాయి. పన్నులు కట్టి మళ్లీ చందాలూ వేసుకోవాల్సి వచ్చిందన్న విమర్శ ఉంది, సబబైనదే. కానీ అవి వాళ్ల సొంత బడులయ్యాయి. తన పేరిట ఉన్న నిధి కలకాలం నిలవడం కూడా ఆయనకిష్టం లేదు, తను పోయిన 25 ఏళ్లలోపు అంతా ఖర్చయిపోవాలన్నాడు. 1932లో పోయాడు, 1948కల్లా నిధి ఖాళీ చేసి మూసేశారు.

డ్యూటీ ఫ్రీ దుకాణాల వ్యాపారంలో గడించిన చక్ ఫీనీ 1984లో తన వాటా మొత్తం ఫౌండేషన్‌కు గుట్టుగా రాసిచ్చేశాడు. 1997 దాకా లోకానికి తెలియదు. భవనాల మీద తన పేరు వద్దన్నాడు. దాదాపు 800 కోట్ల డాలర్లు పంచి, 2020లో సంస్థను మూసి, 2023లో కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఉన్నది అద్దె అపార్ట్‌మెంటులో. అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ మాజీ భార్య మెకెంజీ స్కాట్ 2020 నుంచి రెండు వేలకు పైగా సంస్థలకు పెద్ద మొత్తాలు ఇస్తూ, ఎలా ఖర్చు పెట్టాలో మీరే తేల్చుకోండి అంటున్నారు. నేను పనిచేసిన గదిలో ఆ మాట ఎవరైనా అని ఉంటే ఆ బడి కథ వేరేగా ఉండేది.

ప్రకటనల్ని మాత్రం జాగ్రత్తగా చదవండి. 2010లో బిల్ గేట్స్, వారెన్ బఫెట్ మొదలుపెట్టిన గివింగ్ ప్లెడ్జ్‌లో సంతకం చేసినవాళ్లు ఆస్తిలో సగానికి పైగా బతికుండగానో, వీలునామాలోనో ఇస్తామన్నారు. అది నైతికమైన మాటే, చట్టం కట్టడి చేసేది కాదు. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా ఆస్తుల్లో సుమారు 5 శాతం ఖర్చు పెట్టాలి. దాత సలహాతో నడిచే నిధులనే మరో రకం ఖాతాలకు ఆ నియమం కూడా లేదు. వాటిలో డబ్బు వేసిన ఏడాదే దాతకు రాయితీ దక్కుతుంది. అవసరంలో ఉన్నవాళ్లకు అది ఎప్పుడు చేరాలన్నదానికి గడువే లేదు. ఇది నాకు ఎంతమాత్రం న్యాయంగా అనిపించదు.

ఆ బడికి తర్వాత వేరొక దాత దొరికారు. వ్యాపారం పిల్లలకప్పగించి విశ్రాంతిగా ఉన్న పెద్దాయన. నేనే తీసుకెళ్లాను. ఫైలు అడగలేదు, పిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, "మీకు రాత్రి నిద్ర పట్టనివ్వని ఖర్చేదమ్మా?" అన్నారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "నెలాఖరండీ" అన్నారు.

అయిదేళ్ల జీతాలకు ఆయన ఒప్పుకున్నారు. పలక వద్దన్నారు, ఏటా ఒక పేజీ ఉత్తరం చాలన్నారు. ఒక ఏడు అందులోంచి కొంత వినికిడి యంత్రాల బ్యాటరీలకు వాడుకున్నామని ఆవిడ రాస్తే, "సరే" అని ఒక్క ముక్క జవాబిచ్చారు. మానేసి వెళ్లిన టీచరు తిరిగొచ్చింది. దుప్పటి తీసి పెట్టెలు విప్పింది ఆవిడే. అప్పటికి వారంటీ అయిపోయింది. పదిలో ఏడు వెలిగాయి.