రంగం పడిపోయిన ఏడాది: యుద్ధ నవల రాస్తున్న బిడ్డకు ఉత్తరం

వరంగల్

బిడ్డా,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలు చదివాను. ములుగు దిక్కు ఊరి నుంచి పటాలంలో చేరిన కొడుకు, సముద్రం అవతల అతని యుద్ధం, ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లి. కథ నిలబడుతుంది, రాయడం ఆపకు. కానీ ఇప్పటికి అక్కడి అధ్యాయాల్లో తుపాకులు మోగుతున్నాయి, ఇక్కడి అధ్యాయాల్లో తల్లి ఏడుస్తోంది, రెండింటికీ నడుమ దారి లేదు. ఆ దారి సరుకులతో వెయ్యాలి. బియ్యం, బట్ట, గాసునూనె (కిరోసిన్), మందుబిళ్ల. రెండో ప్రపంచయుద్ధం మన పల్లెల్లోకి బాంబుగా రాలేదు. దుకాణంలో సరుకు లేకుండా పోవడంగా వచ్చింది, కల్లం మీద లెవీగా, అంటే సర్కారు బలవంతపు ధాన్య వసూలుగా వచ్చింది. నీ నవల అంతా దీనిమీదే ఆధారపడుతుందని గట్టిగా నమ్ముతున్నాను.

ముందు మీ పిల్లగాని పటాలం సంగతి తేలుద్దాం. నువ్వు అతన్ని 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో చేర్చావు. పేరు చూసి మోసపోవద్దు. అది బ్రిటిష్ ఇండియా సైన్యపు రెజిమెంట్, అందులో ఉన్నవాళ్లు ఎక్కువగా కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945 అక్టోబరులో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. ములుగు పిల్లగాడు అందులో ఉన్నాడంటే తెలిసినవాళ్లు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు. నిజాం సర్కారు సొంత ఫౌజు వేరు. దానిలోని ఒకటో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ నిజంగానే మలయాకు పోయింది. నీ కథకు అదే సరిపోతుంది.

ఆ పటాలానికి అప్పగించిన పని మలయా తీరంలోని కోటా భారూ విమానాశ్రయాన్ని కాపాడటం. 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటగానే జపాన్ సేనలు ఆ ఊరి సముద్రపు ఒడ్డున దిగాయి. లెక్కకు అది పెర్ల్ హార్బర్ దాడి కంటే గంటకు పైగా ముందు. ఈశాన్య రుతుపవనాల కాలం, అలలు ఎత్తుగా ఉన్నాయి. ఒడ్డున మొదటి దెబ్బ కాచుకున్నది డోగ్రా పటాలం. మనవాళ్లు లోపల, రన్‌వే చుట్టూ ఉన్నారు. సాయంత్రానికి శత్రువు విమానాశ్రయం అంచుకు వచ్చేశాడన్న పుకారు లేచింది. నిజానికి అప్పటికి రాలేదు. ఆ పుకారుతోనే విమానాలను వెనక్కి పంపేశారు, కట్టడాలకు నిప్పు పెట్టారు, ఆ గందరగోళంలో పటాలం కమాండర్ చనిపోయాడు. నువ్వు రాసిన మూడు పేజీల కత్తియుద్ధం తీసేసి ఈ సాయంత్రాన్ని రాయి. ఎవరు చెప్పారో తెలియని మాట, వాన, మండుతున్న నూనె వాసన, ఎటు పోవాలో చెప్పేవాడు లేకపోవడం. మలయాలో సైన్యాలు ఓడిన తీరు చాలాచోట్ల ఇలాంటిదే. 1942 జనవరి 7న స్లిమ్ నది దగ్గర తెల్లవారకముందే జపాన్ ట్యాంకులు రోడ్డుమీదుగా నేరుగా దూసుకొచ్చాయి. ఎదురుగా ఉన్న మన సిపాయిల్లో చాలామంది అంతకుముందు ట్యాంకును కంటితో చూసినవాళ్లు కారు.

ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. ఖైదీలైనవాళ్లలో భారతీయ సిపాయిలే 40 వేలకు పైమాట. ఇక్కడ నీ కథాకాలంలో పెద్ద తప్పు దొర్లింది. 1942 వేసవిలో తల్లికి కొడుకు ఉత్తరం వచ్చినట్టు రాశావు. అది కుదరదు. జపాన్ చేతిలో చిక్కినవాళ్ల కబురు ఇళ్లకు నెలలు, కొందరికి ఏళ్లు అందలేదు. అతని చివరి ఉత్తరం 1941 చివర్లో రాసి పోస్టు చేసింది కావాలి. ఆ తర్వాత ఏమీ రాకూడదు. అతను ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడా, ఖైదీగానే ఉండి ఏ దీవికో కూలిపనికి తోలబడ్డాడా అనేది నీ ఇష్టం. ఏదైనా ఊరికి మాత్రం తెలియకూడదు. పాఠకుడికి కూడా ఆలస్యంగానే తెలియనీ.

ఆ చివరి ఉత్తరం గురించి ఇంకొక మాట. సైన్యపు ఉత్తరంలో ఊరి పేరు ఉండదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే ఉంటుంది. సెన్సారు కళ్లు దాటి వచ్చింది కాబట్టి యుద్ధం సంగతులు ఉండవు. క్షేమం, తిండి, వాన, పైసలు ముట్టాయా లేదా, బర్రె ఈనిందా లేదా, ఇంతే. అక్షరం రాని సిపాయి తోటివాడితో రాయిస్తాడు. అక్షరం రాని తల్లి దాన్ని ఊళ్లో ఎవరితో చదివిస్తుంది? పట్వారీతో. కొడుకు ఉత్తరం చదివిపెట్టేవాడూ, ఆమె ఇంటి గల్లా (ధాన్యం) లెవీ లెక్క రాసేవాడూ ఒక్కడే. ఈ ఒక్క సంగతిని నువ్వు పట్టుకుంటే నీ పట్వారీ పాత్రకు ప్రాణం వస్తుంది. ఇప్పుడు అతను ఊరికే మీసం దువ్వుతూ తిరుగుతున్నాడు.

ఇక సరుకుల దారి. 1942 మార్చి 8న రంగం, అంటే బర్మాలోని రంగూన్, జపాన్ చేతికి చిక్కింది. ఆ వారంలోనే జావాలో డచ్చివాళ్లు లొంగిపోయారు. ఈ రెండూ మన ఊళ్లను ఎలా తాకాయో విడివిడిగా చూడు.

బర్మా పోవడంతో ఏటా దేశానికి వచ్చే లక్షల టన్నుల బియ్యం ఆగింది. అక్కడి బావుల నుంచి వచ్చే గాసునూనె ఆగింది. మన దిక్కు పల్లెల్లో అన్నం ఎక్కువగా పండగ తిండి. రోజువారీ బతుకు జొన్న గట్క, తైదంబలి, మక్కల మీద నడిచేది. కాబట్టి రంగం బియ్యం ఆగగానే మీ ఊరు పస్తులుండదు. ధర మొదట పట్నాల్లో పెరుగుతుంది, షావుకార్లు గింజలు దాస్తారు, సర్కారు పట్నాలకూ ఫౌజుకూ తిండి పెట్టడానికి పల్లె మీద పడుతుంది. అంటే మార్చి నాటి దెబ్బ పల్లెకు తగిలేది తర్వాతి పంట కల్లం మీద. ఈ ఆలస్యాన్ని నవలలో దాచొద్దు, వాడుకో. దీపం సంగతి మాత్రం తొందరగా వస్తుంది. గాసునూనె చిమ్నీ పక్కకు పోయి మళ్లీ ఆముదం ప్రమిద వెలుగుతుంది.

జావా సంగతి చాలామంది రచయితలకు తట్టదు. అప్పట్లో లోకానికంతటికీ కావలసిన క్వినైన్‌లో నూటికి దాదాపు 90 వంతులు జావా సింకోనా తోటల నుంచే వచ్చేది. అది శత్రువు చేతిలో పడగానే చలిజ్వరం (మలేరియా) మందుకు కటకట మొదలైంది. బర్మా సరిహద్దులో 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్క సిపాయికి జబ్బుపడి వచ్చినవాళ్లు 120 మంది, అందులో చలిజ్వరం వాటా పెద్దది. సైన్యం మెపాక్రిన్ అనే పసుపుపచ్చ బిళ్లను రోజూ మింగించింది. ఒళ్లు పసుపు రంగుకు తిరిగేది. మగతనం పోతుందన్న పుకారుతో సిపాయిలు ఉమ్మేసేవాళ్లు, అందుకే అధికారులు వరుసలో నిలబెట్టి నోట్లో వేసుకుని మింగేదాకా చూసేవాళ్లు. ములుగు, ఏటూరునాగారం అడవి ఊళ్లు చలిజ్వరానికి పెట్టింది పేరు. అక్కడి దవాఖానాకు క్వినైన్ రాకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు. అదే వణుకు అక్కడ సైన్యంలో, ఇక్కడ తల్లి పక్క గుడిసెలో. దీనికి ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వు.

ఇప్పుడు కల్లం. నీ లెవీ దృశ్యంలో అధికారి వచ్చి బస్తాలు ఎత్తుకుపోతాడు, ముసలమ్మ కాళ్లమీద పడుతుంది. చదివేవాడికి జాలి కలుగుతుంది కానీ అన్యాయం ఎక్కడుందో అర్థం కాదు. అన్యాయం లెక్కలో ఉంది. లెవీ కట్టింది భూమి విస్తీర్ణాన్ని బట్టి. వాన పడిందా, పంట పండిందా అని చూసి కాదు. ఇచ్చే ధర బజారు ధర కంటే తక్కువ. దొరల గడీల్లో ధాన్యం లెక్కకు రాకుండా దాగేది, చిన్నరైతుది గింజతో సహా కొలిచేవారు. కల్లంలో చాలనివాళ్లు ఎక్కువ ధరకు బజారులో కొని, తక్కువ ధరకు సర్కారుకు అప్పగించారు.

కాబట్టి రాయడానికి ముందు కాగితం మీద ఆ ఇంటి లెక్క వెయ్యి. మనిషికి రోజుకు అర్ధసేరు గింజలు అనుకో. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి 912 సేర్లు. పల్లాకు 120 సేర్ల చొప్పున ఏడున్నర పల్లాలకు కొంచెం పైన. రాశి తూర్పారబట్టాక ముందు కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి వాళ్ల మేర, అంటే వాళ్ల పనికి ఇచ్చే గింజల వాటా పోతుంది. తర్వాత విత్తనాలు. ఆ తర్వాత నాగు (గింజల అప్పు) తీర్చాలి, పోయిన ఏడు తెచ్చిన గింజలకు సగం కలిపి కొలవాలి. ఆ మీదట లెవీ. మిగిలినదాన్ని రోజుకు రెండున్నర సేర్లతో భాగిస్తే ఇంట్లో గింజలు ఏ నెలలో అయిపోతాయో తేలుతుంది. కార్తీకంలో కల్లమైతే బహుశా చైత్రం, వైశాఖం. నీ కథ మలుపు తిరగాల్సింది ఆ నెలలోనే. దొర ఇంటికి మళ్లీ నాగుకు పోవడమో, దుడ్డెను అమ్మడమో, జొన్నల పాతర మీద పిడకలు పేర్చి దాచడమో అప్పుడే జరుగుతుంది.

కొలతలు, పైసలు కూడా సరిచేయి. నీ రాతలో కిలోలు, కిలోమీటర్లు ఉన్నాయి. మెట్రిక్ కొలతలు 1950ల చివర్లో వచ్చినవి. సేరు, పల్లా, గజం, కోసు, మైలు రాయి. నిజాం రాజ్యంలో చెలామణి హాలీ సిక్కా, బయటి బ్రిటిష్ ఇండియాది కల్దార్. 6 కల్దార్ రూపాయలకు 7 హాలీ. కొడుకు 18 కల్దార్ పంపితే ఇంటికి 21 హాలీ రావాలి. ఆ మూడు రూపాయల తేడా ఎవరి జేబులో మిగులుతుందో రాస్తే మళ్లీ పట్వారీ పాత్రకు పని దొరుకుతుంది. సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో, ఫస్లీ అనే నిజాం సర్కారు లెక్క సంవత్సరాల్లో ఉంటాయి. ఫస్లీ ఏడు అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలు. జనవరి నుంచి సెప్టెంబరు దాకా ఫస్లీకి 591 కలుపు, అక్టోబరు తొలివారం దాటాక డిసెంబరు దాకా 590. రంగం పడింది 1351 ఫస్లీలో. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాల కార్యాలయంలో కాగితాలు చూసేటప్పుడు ఈ లెక్క తప్పితే ఒక పంట ముందుకో వెనక్కో పోతావు.

జిల్లాలు కూడా ఇప్పటివి కావు. ఖమ్మం అప్పుడు వరంగల్ జిల్లాలో ఉంది, జనగామ నల్లగొండలో. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ లేదు. ఆజంజాహీ మిల్లు ఉంది, 1934లో పెట్టింది. దేశమంతటా మిల్లులు ఫౌజుకు ఖాకీ, గుడారం గుడ్డ నేస్తుంటే మామూలు చీరకు కరువొచ్చింది. మగ్గం నేసేవాళ్లకు నూలు దొరకలేదు. కొత్తవాడ, సిరిసిల్ల దిక్కు నేతపనివారి పాత్ర ఒకటి పెట్టుకో. సైరన్లు, బాంబులు మాత్రం ఇక్కడికి తేవద్దు. బాంబులు పడ్డది విశాఖపట్నం, కాకినాడల మీద, 1942 ఏప్రిల్ 6న. ఆ భయం కాజీపేట జంక్షన్‌కు బెజవాడ బండిలో కబుర్లుగా వస్తుంది. ఢిల్లీ, మద్రాసుల నడుమ నడిచే ఫౌజు బండ్లు ఆ దారినే పోయేవి. మామూలు బండ్లు తగ్గిపోయి మూడో తరగతి డబ్బాలో కాలు పెట్టే చోటుండేది కాదు. స్టేషన్‌లో నిలబెట్టి ఒక పాత్రతో మాట్లాడించు, రేడియో లేని ఊరికి వార్త ఎలా చేరిందో సహజంగా తెలుస్తుంది.

ఆదిలాబాద్ మీద నీకు మనసుంటే మరో దారి ఉంది. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త జర్మన్ పాస్‌పోర్టు ఉన్న పాపానికి యుద్ధం తొలి ఏళ్లలో నిజాం రాజ్యం దాటకూడని మనిషయ్యాడు. ఆ కట్టడిలోనే మార్లవాయి గోండు గూడేల్లో పనిచేశాడు. యూరప్ యుద్ధం జోడేఘాట్ అడవి అంచుకు ఒక మనిషిని తెచ్చి వదిలింది. ఈ నవలలో ఇమడదు, వేరే కథకు దాచుకో.

చనిపోయినవాళ్ల పేర్ల కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితా వెతుకు. సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీదే 24 వేలకు పైగా పేర్లున్నాయి. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. ఎలాంటి పేర్లు, ఎలాంటి ఊళ్లు అన్నది గ్రహించడానికే అది. ఎవరి పేరూ ఎత్తి పాత్రకు పెట్టకు, వాళ్ల మనవలు ఇంకా ఉన్నారు.

చివరగా, నవలను 1945 ఆగస్టులో ముగించాలనుకుంటున్నానని రాశావు. వద్దు. జపాన్ లొంగింది, లెవీ లొంగలేదు. ఆ తర్వాత కూడా గల్లా వసూలు సాగింది, 1946 జూలై 4న కడవెండిలో దొరల మీద తిరగబడ్డ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. నీ సిపాయి బతికి తిరిగి వస్తే ఆ నేల మీదికే వస్తాడు. కనీసం 1946 కల్లం దాకా కథను నడిపించు.

మూడో అధ్యాయం తిరగరాసి పంపేటప్పుడు ఆ ఇంటి పల్లాల లెక్క కాగితం కూడా జతచెయ్యి. ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న వరసవాడు