కీ తిప్పే ముందు ఒక్క మాట, అమ్మడూ

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కారు పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కావడం లేదట, ఫ్యూయల్ ప్రెషర్, అంటే పైపులో పెట్రోల్ ఒత్తిడి, నువ్వే చూస్తానన్నావట, దాన్ని కొలిచే గేజ్ కూడా కొనేశావట. వింటున్నంతసేపూ నా మనసు పొంగిపోయింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నాను. మొత్తం చదివేదాకా బానెట్ ఎత్తకు.

ముందు కారు మాన్యువల్ తియ్యి. మామూలు పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఈ ప్రెషర్ 40 నుంచి 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), ఇంకో కొలతలో సుమారు 3 నుంచి 4 బార్ ఉంటుంది. కానీ నీ కారుకి ఎంత అన్నది మాన్యువల్‌లో ఉన్న అంకే చెప్పాలి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ అయితే, హై ప్రెషర్ పంపు దాటాక ఉన్న పైపుల జోలికే పోకు. అక్కడి ప్రెషర్ వేల పీఎస్ఐ దాకా వెళ్తుంది, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. నీ గేజ్ దానికి పనికిరాదు.

పని ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్టుకో. కళ్లజోడు, గ్లవ్స్ వేసుకో. పైపులో ప్రెషర్ పోవడానికి ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగిపోయేదాకా ఉంచు. మళ్లీ ఒకటి రెండుసార్లు స్టార్టర్ తిప్పు. బ్యాటరీ నెగటివ్ తీసేయ్. ఇంజన్‌కి పెట్రోల్ పంచే పైపు, అదే ఫ్యూయల్ రైల్, మీద టైరు వాల్వ్ లాంటిది ఉంటే దాని చుట్టూ గుడ్డ కప్పి మూత విప్పు. గేజ్ అడాప్టర్ బిగించేది అక్కడే. అలాంటి వాల్వ్ లేకపోతే పైపు మధ్యలో ఇంగ్లీషు T ఆకారపు అడాప్టర్ పెట్టాలి. అదైతే ఒంటరిగా చెయ్యకు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న కుడి ముంజేతి మీద మచ్చ ఉంది కదా. రేడియేటర్ నీళ్లు పడ్డాయని నీకు చెప్పి ఉంటాడు. మా అమ్మకి కూడా అదే చెప్పాడు. అది నీళ్ల వల్ల వచ్చింది కాదు, నా వల్ల వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, వాడికి పంతొమ్మిది. ఇదే పని చేస్తున్నాం. ప్రెషర్ పద్ధతిగానే వదిలాను, మూత విప్పితే చుక్క కూడా కారలేదు. అక్కడే నాకు ధీమా వచ్చేసింది. గేజ్ అడాప్టర్ తిప్పుతుంటే రెండు చుట్లు సులువుగా వెళ్లి బిగుసుకుంది. కూర్చుందనుకుని స్పానర్‌తో ఇంకాస్త బిగించాను. నిజానికి అది కూర్చోలేదు, మర అడ్డంగా పడింది. ఫ్యూజ్ పెట్టేసి, సీట్లో కూర్చుని, నేరుగా స్టార్ట్ చేశాను. బానెట్ లేచి ఉంది కాబట్టి ముందు ఏం జరుగుతోందో నాకు కనిపించదు. మీ నాన్న ఇంజన్ మీదికి వంగి హ్యాండ్ ల్యాంప్ పట్టుకుని నిలబడ్డాడు. లోపల మామూలు ఫిలమెంట్ బల్బు.

అడాప్టర్ పక్క నుంచి వెంట్రుకంత సన్నటి ధార వచ్చి సరిగ్గా ఆ బల్బు మీద పడింది. కాలుతున్న గాజు మీద చల్లటి పెట్రోల్. టప్‌మని పగిలిన చప్పుడు నాకు సీట్లోకి వినిపించింది. ఆ వెంటనే "అన్నయ్యా, ఆపు!" అని అరుపు. కీ ఆపేశాను. కానీ పైపులో ప్రెషర్ ఇంకా ఉంది, మంట ఆగలేదు. వాడి చొక్కా చెయ్యి అంటుకుంది. మంటలార్పే సిలిండర్ మా దగ్గర ఉంది, ఎక్కడో డబ్బాల వెనకాల. నేను దాన్ని వెతుకుతుంటే వాడు తన చేతిని తానే దుప్పటిలో చుట్టుకున్నాడు. ఆ తర్వాత ఆరు వారాలు కట్టు మార్చింది నేనే. ఒక్కరోజు కూడా వాడు నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే చెబుతున్నాను, అడాప్టర్‌ని చివరిదాకా వేళ్లతోనే తిప్పు. మధ్యలో బిగుసుకుంటే వెనక్కి విప్పి మళ్లీ మొదలుపెట్టు, బలం పెట్టకు. వెలుతురుకి ఎల్ఈడీ టార్చ్ వాడు. ఒలికిన పెట్రోల్ తుడిచి, ఆరిపోయి, వాసన పోయాకే బ్యాటరీ కలుపు, ఆ కనెక్షన్ దగ్గర నిప్పురవ్వ వస్తుంది. ఫ్యూజ్ పెట్టాక వెంటనే ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. కీ ఆన్ చేసి రెండు క్షణాలు ఉంచి ఆపేయ్, ఆ కాసేపట్లో పంపు తిరిగి పైపులో ప్రెషర్ నింపుతుంది. దిగి వచ్చి, అడాప్టర్ చుట్టూ పొడి కాగితం తిప్పి చూడు. తడి తగిలిందా, అక్కడితో ఆపు. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ చేతికందేంత దూరంలో, పిన్ను ఎటు లాగాలో తెలిసి ఉండాలి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. దగ్గర్లో ఏ మంటా ఉండకూడదు.

నీ కారు కథ వింటే నాకు పంపు మీద అనుమానం తక్కువ. పగలు బాగానే స్టార్ట్ అవుతూ పొద్దున్నే మొండికేస్తోందంటే, రాత్రంతా పైపులో నిలవాల్సిన ప్రెషర్ జారిపోతోందేమో. దీనికి గేజ్ కూడా అక్కర్లేదు. పొద్దున్నే కీ ఆన్ చేసి, రెండు క్షణాలు ఆగి, ఆపి, ఇలా మూడుసార్లు చేసి అప్పుడు స్టార్ట్ చెయ్యి. వెంటనే అందుకుంటే నా అనుమానం దాదాపు నిజమే. ఈ ముక్క గేజ్ కొనకముందు నన్ను అడిగుంటే చెప్పేవాడిని కదమ్మా! సరేలే, కొన్నావు, పనికొస్తుంది.

తడి ఏమీ లేకపోతే ఇంజన్ స్టార్ట్ చేసి, గేజ్‌తో ఐడ్లింగ్‌లో అంకె రాసుకో. ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కి వాక్యూమ్ పైపు (ఇంజన్ గాలి పీల్చే చోటు నుంచి వచ్చే సన్న పైపు) ఉంటే పీకి చూడు, ఉన్న ప్రెషర్ మీద ఇంకో 8-10 పీఎస్ఐ పెరగాలి. ఆ పైపులో పెట్రోల్ కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పల్చటి పొర, డయాఫ్రమ్, చిరిగినట్టే. తర్వాత ఇంజన్ ఆపి పది నిమిషాలు ముల్లునే చూస్తూ కూర్చో. గబగబా పడిపోతే పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంపులోని చెక్ వాల్వో, రెగ్యులేటరో, ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ లీకవడమో అయి ఉంటుంది. అసలు ప్రెషరే తక్కువుంటే మాత్రం ముందు ఫిల్టరు, పంపుకి అందే వోల్టేజీ చూసుకో. అవి చూడకుండా పంపు కొంటే డబ్బు దండగ. విప్పేటప్పుడు గేజ్ మీది బటన్ నొక్కి పెట్రోల్‌ని డబ్బాలోకి వదిలాకే విప్పు.

ఆదివారం మొదలుపెట్టే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి. మీ నాన్నని సిలిండర్ పట్టుకుని రెండడుగులు వెనక నిలబడమను. అడాప్టర్ ఎలా కూర్చుందో నాకు చూపించాకే కీ తిప్పు.

మీ పెదనాన్న